బూడిద రంగు అక్షరాలు: టైప్ చేసే పెట్టెలోకి ఏఐ వచ్చిన దారి

మెసేజ్ రాసే పెట్టె పక్కన ఇప్పుడు ఏదో ఒక గుర్తు ఉండని యాప్ అరుదు. ఒకదాంట్లో పెన్సిల్, ఇంకోదాంట్లో మెరిసే నక్షత్రం. నొక్కితే మీ వాక్యాన్ని మర్యాదగానో, సరదాగానో, క్లుప్తంగానో తిరగరాసి పెడుతుంది. ఆ గుర్తు అక్కడ ఉండాలా, మొదటి నుంచే ఆన్‌లో ఉండాలా, వద్దనుకున్నవాళ్లు దాన్ని ఎక్కడికెళ్లి ఆపుకోవాలి అన్న గొడవ మళ్లీ రాజుకుంది. పాత ఫోన్లలో అంకెల బటన్లు నొక్కితే పదాన్ని ఊహించిన టీ9 గురించి, తప్పొప్పులు దిద్దబోయి మాటే మార్చేసే ఆటోకరెక్ట్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాకే ఇదంతా మొదలైందని చెప్పేవాళ్లున్నారు. బటన్లు గుంపులుగా దిగింది అప్పుడే, నిజమే. కానీ ఈ గొడవకు వేరు అంతకంటే నాలుగున్నరేళ్ల వెనక, 2018 మేలో ఉంది.

అప్పుడేం మారిందో తెలియాలంటే ముందు 2015 చూడాలి. ఆ ఏడాది నవంబర్‌లో గూగుల్ ఇన్‌బాక్స్ అనే తన మెయిల్ యాప్‌లో స్మార్ట్ రిప్లై పెట్టింది. వచ్చిన మెయిల్ కింద మూడు చిన్న జవాబులు కనిపించేవి. నచ్చింది నొక్కితే డ్రాఫ్ట్‌లోకి వచ్చేది, మార్చుకుని పంపొచ్చు. తొలి నమూనా అయితే దేనికి పడితే దానికి ‘ఐ లవ్ యూ’ అని జవాబు సూచించేదని గూగులే చెప్పుకుంది. ఆఫీసు మెయిల్‌కి ఆ జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నవ్వుకుని వదిలేయగలిగారంటే కారణం, ఆ మాటలు పెట్టె బయట ఉండటమే. అవి యంత్రానివని చూస్తేనే తెలిసేది. నొక్కితేనే మీవయ్యేవి. ఇన్‌బాక్స్‌లో మొబైల్ నుంచి వెళ్లే జవాబుల్లో పదోవంతు ఈ దారినే వెళ్తున్నాయని 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించారు. అప్పుడు పెద్దగా రచ్చేమీ కాలేదు.

2018 మేలో గూగుల్ తన వార్షిక సభ ఐ/ఓలో జీమెయిల్‌కి స్మార్ట్ కంపోజ్ ప్రకటించింది. మీరు వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం బూడిద రంగులో మీ కర్సర్ ముందు ప్రత్యక్షమవుతుంది. కంప్యూటర్‌లో ట్యాబ్ నొక్కితే చాలు. ఫోన్‌కి వచ్చేసరికి కుడివైపు వేలితో జరిపితే చాలు. బూడిద రంగు నల్లబడుతుంది, అంతే. ఆ క్షణం నుంచి ఆ మాటలు యంత్రం అందించినవో మీరు టైప్ చేసినవో చెప్పే ఆనవాలు ఏదీ తెర మీద మిగలదు. నోట్లోంచి మాట లాక్కోవడం అంటామే, సరిగ్గా అదే. ఎదుటివాడు లాక్కుంటే మనకు తెలుస్తుంది, ఇక్కడ తెలియదు, తేడా అంతే.

గోప్యత, మాట ఎవరిది, సమయం నిజంగా మిగులుతుందా అని ఇప్పుడు మూడు వేర్వేరు వివాదాలుగా వినిపిస్తున్నవన్నీ ఈ ఒక్క డిజైన్ నిర్ణయం కడుపున పుట్టినవే. వాటిలో అన్నిటికంటే ఆలస్యంగా బయటపడిన గోప్యత సంగతి ముందు చూద్దాం. స్మార్ట్ రిప్లైకి, వచ్చిన మెయిల్ చదివితే సరిపోయేది. స్మార్ట్ కంపోజ్ అలా కాదు. ప్రతి అక్షరం పడగానే లెక్క మళ్లీ మొదలవ్వాలి. సూచన వంద మిల్లీసెకన్లలోపు రాకపోతే టైప్ చేసేవాళ్లకు ఆలస్యం తెలిసిపోతుందని గూగుల్ ఇంజినీర్లు అప్పట్లోనే రాశారు. ఆ వేగం కోసం లెక్కను ప్రత్యేక చిప్‌లున్న సర్వర్లకు అప్పగించారు. అంటే పంపకముందే, ఇంకా పంపాలా వద్దా అని ఊగిసలాడుతున్న వాక్యం కూడా ఫోన్ దాటి వెళ్తుంది. రాసి చెరిపేసిన మాట మన దగ్గరే ఉండిపోతుందన్న పాత నమ్మకానికి అక్కడే గండి పడింది.

రెండోది, ఎవరి మాట అన్నది. 2018 నవంబర్‌లో రాయిటర్స్ ఒక సంగతి బయటపెట్టింది. ‘వచ్చే వారం ఒక ఇన్వెస్టర్‌ని కలుస్తున్నాను’ అని రాస్తే, ‘అతన్ని కలుస్తారా’ అని స్మార్ట్ కంపోజ్ అందించింది. ఇన్వెస్టర్ అంటే మగవాడేనని అది లెక్కేసుకుంది. గూగుల్ రకరకాల మరమ్మతులు ప్రయత్నించి, చివరికి స్త్రీపురుష భేదం చెప్పే సర్వనామాలు సూచించడమే మానిపించింది. జాగ్రత్త మెచ్చుకోదగిందే. కానీ పెట్టె బయట మూడు జవాబుల్లో ఒకటిగా ఉంటే నవ్వుకుని వదిలేసే తప్పు, పెట్టె లోపలికి వచ్చేసరికి నిషేధం పెట్టాల్సినంత ప్రమాదమైంది. తప్పు పాతదే, చోటు మారింది.

మూడోది సమయం. కంపెనీల వాదన ఒక్కటే: సమయం మిగులుతుంది. దీని మీద పరిశోధకులు చెప్పేది వేరు. ఫిలిప్ క్విన్, షుమిన్ జాయ్ 2016లో ఫోన్ కీబోర్డు సూచనల మీద ప్రయోగం చేశారు. నొక్కే కీలు తగ్గాయి, టైపింగ్‌కి పట్టే సమయం మాత్రం పెరిగింది. చదవాలి, సరిపోతుందో లేదో తేల్చుకోవాలి, మళ్లీ రాతలోకి రావాలి. దానికి పట్టే సమయం కీల లెక్కలోకి రాదు. అయినా పాల్గొన్నవాళ్లకు సూచనలే నచ్చాయి. 2019లో 37 వేల మందికి పైగా ఫోన్ టైపింగ్‌ని పరిశీలించిన అధ్యయనంలోనూ ఆటోకరెక్ట్ వాడేవాళ్లు వేగంగా, పద సూచనలు ఎంచుకునేవాళ్లు నెమ్మదిగా కనిపించారు. చేత్తో చేసే పని తగ్గితే మనిషికి హాయిగా ఉంటుంది. ఆ హాయినే ఇన్నాళ్లూ వేగం పేరుతో అమ్మారు.

వేగం సంగతి అలా ఉంచినా, రాసిందే మారిపోతోందన్నది అంతకంటే పెద్ద చిక్కు. కెన్నెత్ ఆర్నాల్డ్ బృందం 2020లో, సూచనలు చూస్తూ ఫొటోలకు వ్యాఖ్యలు రాసినవాళ్ల మాటలు పొట్టిగా, యంత్రం ముందే ఊహించగలిగేలా ఉన్నాయని తేల్చింది. 2023లో మారిస్ జాకెష్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. సోషల్ మీడియా సమాజానికి మంచిదా కాదా అని 1,506 మంది చేత రాయించింది. కొందరికి ఇచ్చిన రాత సహాయకుడు ఒక పక్షానికి మొగ్గేలా తయారైంది. వాళ్ల రాతే కాదు, తర్వాత అడిగితే చెప్పిన అభిప్రాయం కూడా అటే మొగ్గింది. తమ మీద ప్రభావం పడిందని ఎక్కువమందికి తట్టనేలేదు.

2023 మేలో జీమెయిల్‌కి ‘హెల్ప్ మీ రైట్’ ప్రకటించే నాటికి ఇదంతా తెలిసిన సంగతే. కొత్తగా మారింది పరిమాణం. వాక్యం తోక అందించడం పోయి మొత్తం ఉత్తరమే రాసిపెట్టడం వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నరలో పోటీపడి అందరూ పెట్టారు, ఆ వరసంతా ఇక్కడ ఏకరువు పెట్టనక్కర్లేదు. 2024 ఒలింపిక్స్ సమయంలో, కూతురి అభిమాన క్రీడాకారిణికి ఉత్తరం రాసిపెట్టమని ఓ తండ్రి గూగుల్ ఏఐ జెమినీని అడిగే ప్రకటన మీద విమర్శలు ముంచెత్తితే గూగుల్ దాన్ని వెనక్కి తీసుకుంది. జనానికి ఎక్కడ మండుతుందో అప్పటికి స్పష్టంగానే తెలిసింది.

డిజైన్ పరంగా 2018 నిర్ణయాన్ని కొంతైనా వెనక్కి తిప్పింది 2024 అక్టోబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1తో వచ్చిన ఆపిల్ రైటింగ్ టూల్స్. రాస్తుండగా మధ్యలో దూరదు. రాసినదాన్ని ఎంచుకుని పిలిస్తేనే వస్తుంది. తప్పులు దిద్దితే మార్చిన చోట గీత గీసి చూపిస్తుంది, పాత మాట కావాలంటే తిరిగి ఇస్తుంది. యాప్ తయారుచేసేవాళ్లకూ పగ్గాలు ఇచ్చింది: ఈ పెట్టెలో వద్దు అనొచ్చు, విడి ప్యానెల్‌లోనే చూపించు అనొచ్చు, కోట్ చేసిన భాగాన్నో కోడ్‌నో ముట్టుకోవద్దు అనొచ్చు. తిరగరాసిన మాట ఎంత బాగుందన్నది వేరే సంగతి. చోటు విషయంలో మాత్రం పెట్టె ఎవరిదో గుర్తుంచుకున్న డిజైన్ ఇది.

2025 ఆగస్టులో వాట్సాప్ ‘రైటింగ్ హెల్ప్’ తెచ్చినప్పుడు, అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుందని, సందేశాన్ని వాట్సాప్‌ గానీ మెటా గానీ చదవలేని పద్ధతిలో పని చేస్తుందని ముందే చెప్పుకోవాల్సి వచ్చింది. అదే యాప్‌లో అంతకుముందు మెటా ఏఐ నీలి వృత్తాన్ని తీసేసే దారి లేకుండా పెట్టి తిట్లు తిన్న అనుభవం ఉంది కదా. అంతకు రెండు నెలల ముందే, ఉద్యోగ పరిచయాల సైట్ లింక్‌డిన్‌కి అప్పటి సీఈఓ ర్యాన్ రోస్లాన్‌స్కీ, పోస్టులు రాసిపెట్టే ఏఐ సూచనలకు అనుకున్నంత ఆదరణ రాలేదని ఒప్పుకున్నారు. పేరు పోతుందన్న భయం ఉన్నచోట జనం సొంత మాటే వెతుక్కుంటున్నారు. 2025 నవంబర్‌లో ఆపిల్ యాప్ స్టోర్ నియమాలు మార్చి, యూజర్ సమాచారాన్ని బయటి ఏఐకి పంపితే ఆ సంగతి చెప్పి స్పష్టమైన అనుమతి తీసుకోవాలంది. స్మార్ట్ కంపోజ్ వచ్చిన ఏడేళ్లకు వచ్చిన నియమం ఇది.

ఇప్పటి గొడవలో ఎక్కువ మంది పట్టించుకోనిది యూరప్ ఏఐ చట్టంలోని 50వ అధికరణం. ఏఐ తయారుచేసిన రాతని యంత్రం గుర్తుపట్టేలా ముద్ర వేయాలని అది చెబుతుంది. మామూలు ఎడిటింగ్‌కి సాయపడేదానికి, యూజర్ ఇచ్చినదాన్ని పెద్దగా మార్చనిదానికి మినహాయింపు ఉంది. అక్షర దోషాలు దిద్దడం మినహాయింపులోకి వస్తుందనడంలో పెద్ద పేచీ లేదు. సూటిగా రాసిన తిరస్కరణను ‘స్నేహంగా’ మార్చి, మూడు వాక్యాలను ఎనిమిది చేసినప్పుడు అది ఎడిటింగా, రచనా? ఆ రెండు పనులనూ ఒకే నక్షత్రం గుర్తు కింద, ఒకే మెనూలో పక్కపక్కన పెట్టిన యాప్‌లకు ఇప్పుడు ముందున్న పని వాటిని విడదీయడం. వ్యాపార విభాగాలకు అది రుచించకపోవచ్చు. ఎందుకంటే విడదీస్తే రెండో బటన్‌ని ఎంతమంది నొక్కుతున్నారో లెక్క విడిగా కనిపిస్తుంది.