వయసైపోయిందని వదిలేయకండి: పెద్దవాళ్ళ మతిమరుపు, డిప్రెషన్‌పై అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తిని, మానసిక స్థితిని పరీక్షించడం నా వృత్తి. క్లినికల్ సైకాలజిస్టుని. విశాఖలో నా దగ్గరకు పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో రిటైరైనవాళ్ళు వస్తారు. పెదజాలారిపేట నుంచి చేపలమ్ముకుని బతికిన మామ్మలు వస్తారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొడుకో కూతురో వెంటబెట్టుకుని తీసుకొచ్చేవాళ్ళూ ఉంటారు. ఎవరు వచ్చినా మొదటి మాట ఇంచుమించు ఒకటే: "వయసైపోయింది కదండీ!" చాలా కుటుంబాలు ఆ మాట దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోతున్నాయి. ఈలోగా బాగుచేయగలిగినవి కూడా ముదిరిపోతున్నాయి.

అపోహ: అరవై దాటితే మతిమరుపు అందరికీ వచ్చేదే.

పేరు నాలుక చివర ఆగిపోయి సాయంత్రానికి గుర్తుకు రావడం, కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతకడం వయసుతో వచ్చేవే. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని చేయలేకపోవడం అలాంటిది కాదు. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ తనే వెళ్ళి ఇచ్చొచ్చే మనిషికి ఈసారి అదెందుకో అర్థం కాలేదంటే, పెళ్ళిళ్ళకి పులిహోర కలిపిన ఇల్లాలు పోపు వేశాక తర్వాతేమిటో తోచక నిలబడిపోయిందంటే చూపించుకోవాలి.

లాసీ-డ్యాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా మతి క్షీణించే జబ్బు) ఉంది. చిన్న సంఖ్య కాదు. కానీ నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్ళకి అది లేదని కూడా ఈ లెక్కే చెబుతోంది. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగే మాట నిజమే. అయినా అది జబ్బు. దాంట్లో ఎక్కువగా కనబడే రకం ఆల్జైమర్స్. 1906లో డాక్టర్ ఆల్జైమర్ ఏ రోగి గురించి తొలిసారి వివరించారో, ఆమె ఆసుపత్రిలో చేరినప్పుడు వయసు 51 మాత్రమే.

అపోహ: మరిచిపోతున్నారంటే డిమెన్షియానే. ఇక చేసేదేమీ లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. ఎందుకంటే మరుపుతో వచ్చేవాళ్ళలో కొందరికి ఉన్నది డిప్రెషన్. దానికి వైద్యం ఉంది.

మన పెద్దవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పరు. ఒళ్ళు నొప్పులంటారు, గుండె దడంటారు, నిద్ర పట్టదంటారు, అన్నం సయించదంటారు. దాంతో బీపీ డాక్టరు దగ్గరకీ, గ్యాస్ మాత్రలకీ తిరుగుతారు. పెద్దవాళ్ళ డిప్రెషన్‌ని గుర్తించడానికి మేం వాడే ప్రశ్నావళిలో నొప్పులు, నిద్ర, ఆకలి గురించి ప్రశ్నలు కావాలనే పెట్టలేదు. ఆ వయసులో అవి వేరే కారణాలకీ ఉంటాయి కాబట్టి. ఇష్టమైన పనులు మానేశారా, బతుకు ఖాళీగా అనిపిస్తోందా, బయటికి వెళ్ళడం కంటే ఇంట్లోనే ఉండాలనిపిస్తోందా అని అడుగుతాం. అవును, కాదు అంటే చాలు. రోజూ బీచ్‌రోడ్డులో నలుగురితో నడిచే మనిషి మూడు నెలలుగా గడప దాటలేదన్న సంగతి ఇలా అడిగితేనే బయటపడుతుంది.

జ్ఞాపకశక్తి పరీక్షలో ఐదు మాటలు చెప్పి, కాసేపు వేరే పని చేయించి, మళ్ళీ అడుగుతాం. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు చాలాసార్లు ప్రయత్నించకుండానే "తెలీదమ్మా, నా వల్ల కాదు" అనేస్తారు. "ఒక పువ్వు పేరుంది, చూడండి" అని అందిస్తే ఠక్కున చెబుతారు. మాట లోపలే ఉంది, వెతికి తీసే ఓపిక లేదు. ఆల్జైమర్స్‌లో ఆ అందింపు పెద్దగా పనికిరాదు. మేం చెప్పని పువ్వు పేరు ధీమాగా చెప్పేవాళ్ళూ ఉంటారు. ఇంకో తేడా: డిప్రెషన్‌లో మరుపు గురించి ఎక్కువగా మొరపెట్టుకునేది ఆ మనిషే. డిమెన్షియాలో ఇంట్లోవాళ్ళు మొరపెట్టుకుంటారు, ఆయన మాత్రం "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను" అంటారు. "పొద్దున్న టిఫినేం చేశారు మాస్టారూ?" అని అడిగితే జవాబు కోసం భార్య వైపు తల తిప్పుతారు.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కదాంతోనూ తేల్చేయం. రెండూ కలిసి ఉండడం మామూలే. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, తలకి దెబ్బ తగిలిన కొన్ని వారాలకి మెదడు పైన రక్తం చేరడం, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు కూడా మతిని మందగింపజేస్తాయి. ముందు వీటన్నిటినీ వెతకాలి.

అపోహ: దిగులే ముదిరి డిమెన్షియా అవుతుంది.

దీని మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగులను 28 ఏళ్ళు గమనించిన వైట్‌హాల్ అధ్యయనంలో నడివయసు డిప్రెషన్‌కీ డిమెన్షియాకీ లంకె కనబడలేదు. డిమెన్షియా బయటపడడానికి 11 ఏళ్ళ ముందు నుంచి మాత్రం డిప్రెషన్ లక్షణాలు పెరుగుతూ వచ్చాయి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదిక అయితే డిప్రెషన్‌ని ముప్పు కారణాల్లోనే చేర్చింది. నేను పాటించేది ఇది: అరవై దాటాక జీవితంలో మొదటిసారి డిప్రెషన్ వస్తే వైద్యం చేయించి, తగ్గాక కూడా ఏడాదికోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించమంటాను.

అపోహ: వీడియో కాల్‌లో నాన్న బాగానే మాట్లాడుతున్నారు.

అమెరికా నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు చెప్పే మాట ఇది. "తిన్నావా నాన్నా, అక్కడ చలెలా ఉంది" లాంటి పలకరింపులు జబ్బు మొదట్లో చెక్కుచెదరవు. పది నిమిషాల కాల్‌ని మర్యాద మాటలతోనే నెట్టుకురావచ్చు. ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో పక్కనే ఉండే అమ్మకి మాత్రం తెలుసు, ఆయన ఒకే బిల్లు రెండుసార్లు కట్టారని. ఆమె మాట కొట్టిపారేయకండి.

అపోహ: ఎమ్మారై తీస్తే తేలిపోతుంది.

స్కాన్ అవసరమే. పక్షవాతపు మచ్చలు, గడ్డలు, రక్తస్రావం దాంట్లో తెలుస్తాయి. కానీ స్కాన్ మామూలుగా ఉన్నా తొలిదశ డిమెన్షియా ఉండొచ్చు. మెదడు కాస్త కుంచించుకుపోయినట్టు రిపోర్టులో ఉన్నా మనిషి నిక్షేపంగా ఉండొచ్చు. ఎప్పుడు మొదలైంది, ఏ పని ముందు తప్పింది, నెమ్మదిగా పెరిగిందా, ఉన్నట్టుండి వచ్చిందా అన్న వివరాలే రోగనిర్ధారణకి ఆధారం.

ఉన్నట్టుండి వచ్చిందంటే అసలు విషయమే వేరు. నిన్నటిదాకా బాగున్న మామ్మ రాత్రికి రాత్రి పొంతన లేకుండా మాట్లాడుతూ, లేని మనుషులు కనబడుతున్నారంటే గాలి సోకలేదు, పిచ్చీ పట్టలేదు. అది డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవడం, న్యుమోనియా, తుంటి ఆపరేషన్, కొత్తగా మొదలెట్టిన మందు, ఏదైనా కారణం కావచ్చు. రేపు చూద్దాం అనకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్ళాలి.

అపోహ: చదువుకున్నవాళ్ళకి రాదు, చదువు లేనివాళ్ళకి పరీక్ష పెట్టలేం.

చదువు కొంత రక్షణే కానీ కవచం కాదు. ప్రొఫెసర్లకీ వస్తుంది. చదువు లేనివాళ్ళకి అంకెలు రాయమనే బదులు లెక్కని బజారులోకి తెస్తాం. "రెండు కిలోల టమాటాలు, కిలో ముప్ఫై. వందిస్తే ఎంత తిరిగివ్వాలి?" చేపలమ్మిన మామ్మ నాకంటే ముందే చెప్పేస్తుంది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఈ తేడా కనబడింది. తర్వాత వేరే దేశాల్లో అన్ని పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు. అయినా తెలుగు, ఒడియా, హిందీ కలగలిపి మాట్లాడే మన ఊరి మనుషుల్ని చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

అపోహ: సుడోకు, బ్రాహ్మి మాత్రలు చాలు.

ఇష్టమైతే సుడోకు ఆడుకోండి. కానీ ముందు బీపీ, షుగర్, చెవులు. ఆ లాన్సెట్ నివేదిక లెక్కలో 14 కారణాలను జీవితమంతా అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యం. వినికిడి లోపం, పొగ, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్‌ని "ఈ వయసులో ఎందుకులే" అని వాయిదా వేయకండి.

అపోహ: డిప్రెషన్ మందులు అలవాటైపోతాయి.

ఇలా భయపడేవాళ్ళలోనే కొందరు ఏళ్ళ తరబడి మెడికల్ షాపులో అల్ప్రాజొలామ్ అనే నిద్రమాత్ర కొని వేసుకుంటున్నారు. అసలు అలవాటయ్యేది, తూలి పడేసేది, మతి మందగించేది అదే. ఇప్పుడు వాడే డిప్రెషన్ మందులు అలా వ్యసనం కావు. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పెద్దవాళ్ళలో సోడియం మీద కన్నేసి ఉంచాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. అల్ప్రాజొలామ్ వాడుతుంటే అదీ ఒక్కసారి మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

పరీక్షకి వచ్చేటప్పుడు కళ్ళజోడు, చెవి మిషను తప్పకుండా తేవాలి. అవి లేక తప్పిన జవాబులు మరుపు కింద లెక్కపడతాయి. ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం సహా, సంచిలో వేసుకుని రండి. పండక్కొచ్చిన కొడుకు కాకుండా రోజూ కలిసి ఉండేవాళ్ళు వెంట రావాలి. రాలేని పరిస్థితి ఉంటే మానసిక సమస్యలకి టెలీ మానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 నంబర్లకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. చచ్చిపోతానన్న మాట పెద్దవాళ్ళ నోట వస్తే చాదస్తం అనుకోకుండా ఆ రోజే ఫోన్ చేయండి.