అమ్మ ముఖం చూసి అడుగు వేసే వయసు

జారుడుబల్ల మెట్లు నాలుగు ఎక్కాక, కడ్డీని గట్టిగా పట్టుకుని, పైకి వెళ్లలేక కిందికి దిగలేక నిలబడిపోయే పిల్లలను ఏ పార్కులోనైనా చూస్తాం. కింద నుంచి పెద్దలు "ఏమీ కాదు, ఎక్కు!" అంటారు. ఎంతకీ కదలకపోతే ఎవరో ఒకరు ఎత్తి పైన కూర్చోబెట్టి తోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ జంకు చాలావరకు పుట్టుకతో వచ్చిన స్వభావం. హార్వర్డ్ మనస్తత్వవేత్త జెరోమ్ కాగన్ నాలుగు నెలల పసికందులకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు వినిపించినప్పుడు, సుమారు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ విదిలించి ఏడ్చారు. పెరిగే కొద్దీ కొత్తవాటి ముందు వెనకాడే గుణం తక్కిన వారికంటే వీరిలోనే ఎక్కువగా కనిపించింది. అయినా అందరూ అలాగే ఉండిపోలేదు. అందుకే పిల్లల ఎదుట "వీడు పిరికివాడు" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

స్వభావం సంగతి అలా ఉంచితే, మన చేతిలో ఉన్నది కూడా తక్కువేమీ కాదు. 1960లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ఒక బల్ల మీద గాజు పరిచి, ఒకవైపు కింద లోయలాంటి లోతు కనిపించేలా చేశారు. పాకే వయసు పిల్లలు 36 మందిలో 27 మంది గాజు మీదికి కదిలారు. వారిలో లోతు వైపు వెళ్లినవారు ముగ్గురే. 1985లో మరో బృందం ఇదే ప్రయోగాన్ని కొద్దిగా మార్చింది. లోతును సుమారు 30 సెంటీమీటర్లకు తగ్గించి, ఏడాది పిల్లలను ఇవతల వదిలి, అవతలి వైపు తల్లులను నిలబెట్టింది. వారు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. తల్లి సంతోషంగా నవ్వినప్పుడు 19 మందిలో 14 మంది గాజు దాటి వచ్చారు. తల్లి ముఖంలో భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ రాలేదు!

మనం నోటితో ధైర్యం చెబుతూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, పాప దేనిని నమ్మాలి?

భయాన్ని మెల్లగా వదిలించవచ్చని చూపింది అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె ప్రచురించిన వివరాల ప్రకారం, మూడేళ్లు నిండని పీటర్ కుందేలును చూస్తేనే హడలిపోయేవాడు. భయం లేని పిల్లల మధ్య అతన్ని ఆడుకోనిచ్చారు. కొంత కుదురుకున్నాడు. ఇంతలో జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు, బయటికి వస్తుంటే పెద్ద కుక్క మీదికి రావడంతో పాత భయం తిరగబెట్టింది. ఆమె నిరుత్సాహపడలేదు. పీటర్ ఇష్టమైన తిండి తింటుండగా, అతను బెదరనంత దూరంలో కుందేలును ఉంచి, రోజురోజుకూ దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ కుందేలు తన వేళ్లను కొరుకుతున్నా ఊరుకున్నాడు. నిన్న ఎక్కిన మెట్టు ఇవాళ ఎక్కనని మొరాయించే పిల్లల తల్లిదండ్రులు పీటర్ కథలో పాత భయం తిరగబెట్టిన ఘట్టాన్ని మరచిపోకూడదు.

ఉయ్యాల భయం పోయాక జారుడుబల్ల భయం ఎందుకని విసుక్కోవడమూ సరికాదు. కూర్చుని ఉన్నప్పుడు గోతి అంచున జాగ్రత్తపడిన పసివాళ్లే, కొత్తగా పాకేటప్పుడు అదే గోతిలోకి ఒరిగిపోవడాన్ని న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరెన్ అడాల్ఫ్ గమనించారు. శరీరం ప్రతి కొత్త భంగిమలోనూ తన హద్దులను మళ్లీ నేర్చుకోవాలి.

పడితే భయం ముదురుతుందనే దిగులూ అంత నిజం కాదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు, ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పడి గాయపడిన వారిలో 18 ఏళ్లకు ఎత్తంటే భయం తక్కువగానే కనిపించింది. అయితే పాదాలు నేల విడిస్తేనే కెవ్వుమనే పాపను, స్నానంలో తల వెనక్కి వాల్చనివ్వని బాబును పిల్లల వైద్యుడికి చూపించడం మంచిది. లోపలి చెవి పంపే సమతుల్యతా సంకేతాలు వారికి మరీ తీవ్రంగా అనిపిస్తూ ఉండవచ్చు.

తక్కిన పిల్లలకు ముందుగా దిగడం నేర్పండి. ముఖం మెట్ల వైపు ఉంచి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ఒక కాలు కిందికి జార్చి, వేళ్లతో మెట్టును తడిమి, అది తగిలాకే బరువు వేయాలి. ఒక మెట్టు ఎక్కి దిగాక, రెండో మెట్టు ఎప్పుడో పాపే చెబుతుంది. జారడమూ అంతే: బల్ల కింది చివర కూర్చోబెడితే మొదట జానెడు దూరమే జారుతుంది, తర్వాత ఇంకొంచెం పైనుంచి. మీరు చేయి అందేంత దగ్గరలో, చేయి చాచకుండా నిలబడండి.