గట్టులో కన్నాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వేళ్ల సందుల్లో గజ్జి లేచింది అబ్బాయికైతే, ఒంటి మీద పొక్కయినా లేని తమ్ముడికి కూడా అదే రాత్రి మందు రాయమని డాక్టరమ్మగారు ఎందుకు చెప్పారని అడిగారు. నా చిన్నతనంలో మా ఇంట్లో ఎవరూ ఈ మాట అడగలేదు.

మన కోనసీమ చేలల్లో ఎలుక గట్టుకు కన్నం వేసుకుని అందులో పిల్లలు పెడుతుంది కదా! గజ్జి పురుగు పని కూడా అదే. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ఆడపురుగు చర్మపు పైపొరను తొలుచుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. వరి పొట్టకొచ్చి దుబ్బులు తెగిపడేదాకా గట్టులో ఎలుక ఉన్నట్టు రైతుకు తెలియనట్టే, మొదటిసారి గజ్జి అంటినవాడికి దురద పుట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తమ్ముడు ఇప్పుడు ఆ వారాల్లోనే ఉండవచ్చు. ఒక్క రైతే బుట్టలు పెట్టి ఎలుకలు పట్టిస్తే పక్క గట్టు ఎలుకలు ఇటు వస్తాయని, ఆయకట్టంతా ఒకే రోజు పెట్టించాలని మా నాన్నగారు పట్టుబట్టేవారు.

అంత తెలిసిన ఇంట్లోనే నాకు తొమ్మిదో ఏట గజ్జి వస్తే, నాయనమ్మ గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి నాకొక్కడికే రాసింది. నాతో ఒకే దుప్పట్లో పడుకునే అన్నయ్యను దురద లేదని వదిలేశారు. నాకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. స్నానం చేయనివాళ్లకే వస్తుందని బళ్లో నన్ను విడిగా కూర్చోబెట్టారు. నేనేమో రెండు పూటలా కాలువ రేవులో మునిగేవాణ్ణి. ఒంటికి ఒళ్లు చాలాసేపు తగిలితే శుభ్రమైనవాళ్లకూ అంటుతుంది, కనుక మీరు ఎవరినీ అలా కూర్చోనివ్వకండి.

పెర్మెత్రిన్ మందును మెడ నుంచి అరికాళ్ల వరకు, గోళ్ల కింద కూడా, అందరూ ఒకే రాత్రి రాసుకుని తెల్లవారాక కడుక్కోవాలి. వారం తర్వాత మరోసారి రాసుకోవాలి. పక్కబట్టలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి. పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు దురద ఉంటుంది, దానికి భయపడి పదేపదే రాయకండి.

ఇటలీలో పేద తల్లులు గజ్జి పట్టిన పిల్లల చేతుల్లోంచి సూదిమొనతో ఏదో తీస్తున్నారని గమనించిన బొనోమో అనే వైద్యుడు, దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, 1687లో ఆ సంగతి ఒక ఉత్తరంలోనే రాశాడు. అంత చిన్న ప్రాణి ఆ తల్లుల కళ్లకు ఎలా ఆనిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మందు రాసుకునే ముందు సాయంత్రపు ఏటవాలు ఎండలో అరుగు మీద కూర్చుని, భూతద్దంతో వేళ్ల సందులు చూడండి. బూడిదరంగు వంకర గీత కనబడితే, దాని చివర చిన్న చుక్క ఉందేమో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య