పునరుత్థానాన్ని నమ్మినవాళ్లు సోమవారం ఏమి చేయాలి? అపోహలు - వాస్తవాలు

దేవరకొండ వైపు ఒక పల్లె క్రైస్తవ సంఘానికి 22 ఏళ్లుగా కాపరిగా (పాస్టర్‌గా) ఉన్నాను. ఈ నేలకు సువార్త కొత్త కాదు. 19వ శతాబ్దం చివర్లో రష్యా నుంచి వచ్చిన, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్‌లు నల్లగొండ కేంద్రంగా సేవ చేశారు. మా సంఘంలో నాలుగో తరం విశ్వాసులు ఉన్నారు. అయినా పునరుత్థానం గురించి, అంటే యేసు సమాధిలో నుంచి లేచాడనీ ఒకనాడు మనమూ లేస్తామనీ నమ్మే నమ్మకం గురించి, కొన్ని పొరపాటు మాటలు తాతల నాటి నుంచి నోటికి నోటికి వస్తూనే ఉన్నాయి. ఈస్టర్ ఆదివారం పాడుకున్న ఆ నమ్మకంతో మర్నాడు సోమవారం ఎలా బతకాలో ఆ మాటలు మరిపిస్తున్నాయి. వాటిలో ఒకటి నా నోటి నుంచే వచ్చింది. దానితోనే మొదలుపెడతాను.

అపోహ: ఈ శరీరం ఎలాగూ మట్టిపాలే. రేపు పునరుత్థానంలో చావు లేని మహిమ శరీరం వస్తుంది కాబట్టి ఇప్పటి బాధలను పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడు ఆయన ఎముకలను పట్టేసింది. మెడ తిరగదు. పక్కన ఎవరు కూర్చున్నారో చూడాలంటే కర్రకు రెండు చేతులూ ఆనించి మనిషంతా తిరగాలి. ఒకసారి ఆయనను ఓదార్చబోయి, "దిగులు పడకు పెద్దయ్యా, ప్రభువు నీకు మహిమ శరీరం ఇస్తాడు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఇస్తాడు అయ్యగారూ, నమ్ముతున్నాను. కానీ ఈ ఐదు మెట్లు ఎక్కలేక మూడేళ్లుగా వేపచెట్టు కిందే కూర్చుని మీ వాక్యం వింటున్నాను" అన్నారు.

మూడేళ్లు! నేను రోజూ ఎక్కి దిగే మెట్లు అవి. ఆ రాత్రి లూకా సువార్త 24వ అధ్యాయం మళ్లీ చదివాను. లేచిన యేసు శిష్యులకు తన చేతులు, పాదాలు చూపించాడు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ల ముందే తిన్నాడు. దీన్ని రాసిన లూకా వైద్యుడని అపొస్తలుడైన పౌలే కొలొస్సయుల పత్రికలో చెప్పాడు. దేవుడు సమాధిలో నుంచి లేపింది శరీరాన్ని, గాయాల గుర్తులతో సహా. దేవుడు అంత విలువ ఇచ్చిన శరీరాన్ని మట్టే కదా అని తీసిపారేసే హక్కు నాకెక్కడిది?

సంఘంలో తాపీ పని చేసేవాళ్లు నలుగురు ఉన్నారు. రెండు రోజుల్లో మెట్ల పక్కన ఏటవాలుగా సిమెంటు దారి పోసి, పట్టుకోవడానికి ఇనుప పైపు బిగించారు. పెద్దాయన ఇప్పుడు లోపల మొదటి వరుసలో కూర్చుంటారు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి ప్రపంచమంతటా మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి అని. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చాక కృష్ణా నీళ్లు అందుతున్నాయి. కానీ సరఫరా ఆగిన రోజు పిల్లలు మళ్లీ చేతిపంపు దగ్గరకే వెళ్తారు. ఆ రోజుల్లో మా యువకులు శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు మోసుకెళ్లి ఇంటింటికీ ఇస్తారు. ఆ ఇల్లు విశ్వాసులదా కాదా అని అడగరు.

అపోహ: పునరుత్థాన శక్తిని నమ్మితే మందులు మానేయాలి.

వాస్తవం: దీని మీద నాకు ఓపిక లేదు. క్షయకు మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే వ్యాధి మందులకు లొంగని స్థితికి రావచ్చు. ఈ ప్రాంతంలో సువార్త చెప్పిన మిషనే జడ్చర్లలో ఆసుపత్రి కూడా కట్టింది. ప్రార్థన చేయండి, మాత్ర వేసుకోండి.

అపోహ: నిరీక్షణ (చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారనే ఆశ) ఉన్నవాళ్లు చావు ఇంట్లో ఏడవకూడదు.

వాస్తవం: లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధికి వెళ్తూ కన్నీళ్లు విడిచాడు. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు రాశాడు. అసలు దుఃఖమే వద్దని రాయలేదు.

మా దగ్గర ఒక కౌలు రైతు నలభై ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. భార్య గొంతెత్తి ఏడుస్తుంటే, "విశ్వాసివి, సాక్ష్యం పోతుంది" అని ఎవరో నోరు నొక్కబోయారు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ రోజు వాక్యం చెప్పలేదు. మూడో రోజు పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్లి మరణం నమోదు చేయించాం. 21 రోజుల లోపు చేయిస్తే తర్వాత తిరుగుడు తప్పుతుంది. 2018లో మొదలైన రైతు బీమా కింద ఐదు లక్షలు వస్తాయేమోనని ఆమెకు చిన్న ఆశ. అది పట్టా ఉన్న రైతులకే. కౌలు రైతు పేరున పాసు పుస్తకం ఎక్కడ ఉంటుంది? ఆ మాట ఆమెకు చెప్పడం నా సేవలో కష్టమైన పనుల్లో ఒకటి.

పత్తి మాత్రం చేనులో పగిలి ఉంది. కూలీలను పెట్టే స్తోమత ఆమెకు లేదు. సంఘం స్త్రీలు వంతులు వేసుకుని, తమ కూలి మానుకుని, ఆ చేను ఏరిపెట్టారు. ఎండిన కాయ మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లు చీరుకుపోతాయి. ఆదివారం బల్లారాధనలో, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె పంచుకునే ఆరాధనలో, రొట్టె అందుకోవడానికి చాచిన చేతుల మీద ఆ గీతలు చూశాను.

అపోహ: రక్షణ (పాపాల నుంచి విడుదల) దేవుని కృప వల్ల. కాబట్టి మంచి క్రియల గురించి మాట్లాడితే కృపను తగ్గించినట్టే.

వాస్తవం: మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం మొత్తం పునరుత్థానమే, 58 వచనాలు. ఆ చివరి వచనం ప్రభువులో మన ప్రయాస వృథా కాదని చెబుతుంది. వెంటనే వచ్చే మాట చందా గురించి! పౌలు రాసినప్పుడు అధ్యాయాల అంకెలు లేవు, అవి వందల ఏళ్ల తర్వాత వేసినవి. చనిపోయినవాళ్లను లేపే కడబూర (చివరి బూర) గురించి రాసిన చేతితోనే, వారంలో మొదటి రోజున ఎవరికి కలిగిన కొద్దీ వాళ్లు తీసి పెట్టమని రాశాడు. ఆ డబ్బు యెరూషలేములోని పేదల కోసం. కొరింథువాళ్లలో ఎక్కువమంది ఆ ముఖాలను చూసి కూడా ఉండరు.

అందుకే మన కులం, మన సంఘం, మన ఊరు అనే గీతల దగ్గర చందా ఆగిపోతే నాకు బాధ. ఒకే రొట్టె తిన్నవాళ్లమే సంబంధాలు కలుపుకునే చోట మాల, మాదిగ అని విడిపోతున్నాం. ఇది ఈస్టర్ రోజున చెప్పాల్సిన మాటే. నేను చెబుతున్నాను, కొందరికి కోపం వస్తోంది. మహబూబ్‌నగర్ వైపు వలస కుటుంబాలు ముంబయి, పుణె వెళ్తూ ముసలివాళ్లను ఇళ్లలో వదిలి వెళ్లాల్సి వస్తుంది. నారాయణపేట దగ్గర ఒక చిన్న సంఘం అలాంటి ముసలివాళ్లకు రోజూ ఒక పూట అన్నం పెడుతోంది. మా చందాలో పదో వంతు అక్కడికి పంపుతున్నాం.

ఈస్టర్ ముందు శనివారం మేమంతా సమాధుల తోట శుభ్రం చేసి సున్నం వేస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి పూలు, కొవ్వొత్తులతో బయలుదేరుతాం. పాటలు అయ్యాక చర్చి వాకిట్లో పొయ్యి వెలిగిస్తారు. తిబెరియ సముద్రపు ఒడ్డున లేచిన ప్రభువు కూడా నిప్పులు రాజేసి, చేపలు పెట్టి, రండి భోజనం చేయండని పిలిచాడు. మా దగ్గర ఉప్మా, చాయ్. పోయిన ఈస్టర్‌కు మొదటి పళ్లెం ఆ కౌలు రైతు భార్య పెద్దాయన చేతికి ఇచ్చింది. ఆయన కర్రను గోడకు ఆనించి, ఆమె ముఖం చూడటానికి మనిషంతా మెల్లగా ఆమె వైపు తిరిగారు.