బాకా మోగింది, లోయ అవతల వినపడలేదు

కాలేజీలో ప్రాచీన యుద్ధతంత్రం పాఠం చెబుతుంటాను. యుద్ధరంగంలో సంకేతాల గురించి ఏటా పిల్లల నోట వినే అపోహలే ఇవి.

అపోహ: శంఖాలు, భేరీలు, బాకాలు శత్రువును బెదరగొట్టడానికే.

వాస్తవం: బెదిరిన సందర్భాలు ఉన్నాయి. క్రీ.పూ. 202లో ఉత్తర ఆఫ్రికాలోని జామా దగ్గర రోమన్ బాకాల మోతకు కార్తేజ్ సేనాని హానిబల్ ఏనుగులు కొన్ని వెనక్కి తిరిగి సొంతవాళ్ల మీదే పడ్డాయి. కానీ వాటి అసలు పని ఆజ్ఞ చేరవేయడం. విడిపోవడం, కలవడం, ఆగడం, కదలడం, వెనుదిరగడం, దెబ్బ కొట్టడం: వీటికి వాద్యాలతో, జెండాలతో గుర్తులు ఏర్పరచుకోవాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం పదో అధికరణంలో ఉంది. ఆరంటే ఆరు పనులు. దుమ్ములో, కేకల మధ్య, ప్రాణభయంతో ఉన్న మనిషికి అంతకు మించి చెప్పినా బుర్రకెక్కదు.

అపోహ: జెండా గౌరవం కోసమే.

వాస్తవం: రోమన్ సైనికుడు తన దళం ఎక్కడుందో జెండాను చూసే తెలుసుకునేవాడు. రోమన్ రచయిత వెజిషియస్ రాసిన ప్రకారం నిటారు బాకా సైనికులకు, వంపు కొమ్ముబూర జెండా మోసేవాళ్లకు. పోరు సాగేటప్పుడు రెండూ కలిసి మోగేవి.

అపోహ: మంట వెలిగించి ‘శత్రువు వచ్చాడు’ అని తప్ప ఇంకేమీ చెప్పలేరు.

వాస్తవం: గ్రీకు అక్షరాలు 24ను ఐదు పలకలుగా విడగొట్టి, ఎడమవైపు ఎత్తిన కాగడాల సంఖ్యతో పలకను, కుడివైపు కాగడాల సంఖ్యతో అక్షరాన్ని చూపే పద్ధతిని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ వివరించాడు.

అపోహ: సంకేతం ఇస్తే చాలు, సైన్యం పాటిస్తుంది.

వాస్తవం: నన్ను బాగా కదిలించేది ఇదే. క్రీ.పూ. 52, గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) జెర్గోవియా కొండ. దాడి చేస్తున్న తన దళాలను వెనక్కి రమ్మని రోమన్ సేనాని సీజర్ బాకా ఊదించాడు. పక్కనే ఉన్న పదో లీజియన్ (రోమన్ సైన్యంలో పెద్ద దళం) ఆగింది. మిగతా దళాలకు మధ్యలో పెద్ద లోయ అడ్డం, బాకా వినపడలేదు. అధికారులు ఆపబోయినా, గెలుపు ఊపులో ఉన్నవాళ్లు కొండ మీది పట్టణం గోడల దాకా వెళ్లిపోయారు. అంతలో కుడివైపు నుంచి రోమన్లకు మిత్రులైన ఎడుయి అనే గాల్ తెగ యోధులు వచ్చారు. మేం మీవాళ్లమే అనడానికి అలవాటైన గుర్తుగా కుడి భుజాలు బయటికి కనిపించేలా ఉంచుకున్నారు. వాళ్ల ఆయుధాలు గాల్ శత్రువుల ఆయుధాల్లాగే ఉన్నాయి. ఆ భుజాలను చూసి కూడా, శత్రువులే మోసానికి అలా చేశారనుకుని రోమన్లు హడలిపోయారు. ఆ రోజు 46 మంది సెంచూరియన్లు (చిన్న దళాల నాయకులు), దాదాపు 700 మంది సైనికులు పోయారు. సీజర్ తానే రాసుకున్న లెక్క ఇది.