మెదడు గడప దాటని పరాన్నజీవి

మలేరియా సోకిన పిల్లవాడు రెండు మూడు రోజుల జ్వరం తరువాత ఉన్నట్టుండి మూర్ఛలతో కొట్టుకొని, ఎంత పిలిచినా పలకని స్థితికి చేరుకుంటే వైద్యులు సెరిబ్రల్ మలేరియాను, అంటే మెదడును దెబ్బతీసే మలేరియాను, అనుమానిస్తారు. ఆఫ్రికాలో దీని బారిన పడేవారిలో ఎక్కువమంది ఐదేళ్ళ లోపు పసివాళ్ళే. ఆసుపత్రికి చేరి మందు అందినా వీరిలో 15 నుంచి 20 శాతం మంది బతకరు.

విచిత్రమేమంటే, ఇంత హాని చేసే ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి మెదడు కణజాలంలోకి అసలు ప్రవేశించదు. అది ఎర్ర రక్తకణంలో చేరి, ఆ కణం పైపొర మీద సూక్ష్మమైన బుడిపెలు మొలిపించి, వాటిపై ఉంచిన తన ప్రోటీను సాయంతో సన్నని రక్తనాళాల గోడకు అతుక్కుపోతుంది. చెడిన కణాలను ఏరివేసే ప్లీహానికి చిక్కకుండా ఉండటానికే ఈ ఎత్తుగడ. దాక్కోవడానికి దొరికిన నాళాలు మెదడులోనివి కావడం పిల్లవాడి దురదృష్టం. అక్కడ రక్తప్రసరణ మందగిస్తుంది, నాళాల గోడలు దెబ్బతిని ద్రవం బయటికి ఊరుతుంది.

ఆఫ్రికా దేశమైన మలావీలోని బ్లాంటైర్ నగరంలో అమెరికన్ వైద్యురాలు టెర్రీ టేలర్ బృందం దశాబ్దాలుగా ఈ జబ్బును పరిశీలించింది. సెరిబ్రల్ మలేరియాతో చనిపోయారనుకున్న 31 మంది పిల్లల శవపరీక్షల ఫలితాలను 2004లో ప్రకటించినప్పుడు, వారిలో 7గురి మరణానికి కారణం వేరే జబ్బని తేలింది. మలేరియా నిత్యం ఉండే ప్రాంతాల్లో జబ్బు లక్షణాలేవీ లేని పిల్లల రక్తంలో కూడా పరాన్నజీవి కనిపిస్తుంది కాబట్టి, రక్తపరీక్ష ఒక్కటే చూసి నిర్ధారణకు రావడం ప్రమాదకరం. అసలు సాక్ష్యం కంటిలో దొరికింది. పిండదశలో మెదడు నుంచే ఏర్పడే రెటీనాలో, అంటే కంటి వెనుక పొరలో, తెల్లబారిన మచ్చలు, రంగు మారిన రక్తనాళాలు, నడుమ తెల్లగా ఉండే రక్తస్రావపు చుక్కలు కనిపిస్తే మెదడులోనూ అదే జరుగుతోందని చాలావరకు నమ్మవచ్చు.

అయితే ప్రాణం ఎలా పోతుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు 2015లో ఎంఆర్ఐ చిత్రాల ద్వారా లభించింది. బ్లాంటైర్‌లో పరిశీలించిన 168 మందిలో 25 మంది మరణించగా, వారిలో 21 మందికి ఆసుపత్రిలో చేరినప్పుడే మెదడు తీవ్రంగా వాచి ఉంది. పుర్రె సాగదు కనుక వాచిన మెదడు కిందికి ఒత్తుకొని, శ్వాసను నడిపించే మెదడు కాండాన్ని నలిపేస్తుంది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆగిపోతుంది. బతికిన 143 మందిలోనూ 39 మందికి అలాంటి వాపే ఉండి, తరువాతి చిత్రాల్లో తగ్గుతూ వచ్చింది. ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న అంశం ఇదే, ఎందుకంటే ఆ గడ్డు సమయంలో వెంటిలేటర్ ఊపిరిని కొనసాగిస్తే మరికొందరు గట్టెక్కుతారేమోనన్న ఆశకు ఇది ఆధారమిస్తుంది.

బతికి బయటపడిన వారందరూ పూర్తిగా కోలుకోరు. ఉగాండాలో రెండేళ్ళ తరువాత పరీక్షించినప్పుడు, ఈ జబ్బు నుంచి కోలుకున్న పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి సామర్థ్యాల లోపం కనిపించింది. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిన పిల్లవాడికి నెలలు గడిచాక మూర్ఛవ్యాధి మొదలుకావచ్చు; అప్పటికి ఆ జ్వరం సంగతి ఇంట్లోవాళ్ళే మరచిపోయి ఉంటారు.