పాత స్పోర్ట్స్ బండికి పికప్ పెంచడం: మా కడప షెడ్డులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్ 1.6, ఫియట్ పాలియో 1.6... ఇట్లాంటి పాత బండ్లు కొనుక్కొని "అన్నా, తక్కువ ఖర్చులో పికప్ పెంచల్ల" అని వచ్చే పిల్లోళ్లు ఈమధ్య ఎక్కువైనారు. మంచిదే, అప్పట్లో మామూలోళ్లకి అందిన స్పోర్ట్స్ కార్లు అంటే అవే కదా. కాకపోతే వచ్చేటప్పుడే వీడియోలు చూసి ఒక లిస్టు రాసుకొని వస్తారు, ఆ లిస్టులో సగం దండగ ఖర్చే.

అపోహ: కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా ఓపెన్‌గా ఉండే ఎయిర్ ఫిల్టర్) వేస్తే పవర్ పెరుగుతుంది.

సౌండు పెరుగుతుంది, అది నిజం. చాలా బండ్లలో కంపెనీ ఫిల్టర్ డబ్బా బయటి చల్లగాలి లాగేటట్టు పెట్టింటారు, దాన్ని పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెడితే ఇంజను బానెట్ కింద వేడి గాలి పీలుస్తుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది, అంటే ఆక్సిజనూ అంతే తక్కువ పోతుంది. మే నెలలో మన ఊర్లో బయటే 43 ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో మీరే చెయ్యి పెట్టి చూడండి. పైగా ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంట్ లారీల వెనకాల పోతూ చీప్ ఫిల్టర్ వాడితే ఆ దుమ్మంతా బోర్‌లోకే, అంటే పిస్టన్ ఆడే సిలిండర్‌లోకే.

అపోహ: రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) చేయిస్తే రాకెట్ అయిపోతుంది.

టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసేది) ఉండే బండికి బూస్ట్, అంటే ఆ ఒత్తిడి, పెంచుతారు, తేడా బాగా తెలుస్తుంది. టర్బో లేని పాత పెట్రోల్ ఇంజనుకి ఏదో నాలుగైదు హార్స్ పవర్ వస్తే గొప్ప. అసలు ప్రశ్న అది కాదు తమ్ముడూ, సిటీ వీటెక్ కొత్తలో 106 హార్స్ పవర్, ఇప్పుడు నీ బండిలో అందులో ఎంత మిగిలింది? అది చూడకుండా ల్యాప్‌టాప్ తగిలిస్తే ఏం లాభం.

నేనైతే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూస్తా. ఇంజను వేడెక్కినాక ఇగ్నిషన్, ఇంజెక్టర్లు పనిచేయకుండా కట్ చేసి, ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టల్ల. మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ పక్కన చూపించి నాలుగోది 120 దగ్గర ఆగిపోయిందనుకో, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ కొట్టాల. ముల్లు పైకి లేచిందా, పిస్టన్ రింగులు అరిగినట్టు. కదల్లేదా, ఎక్కువ భాగం వాల్వులే లీకు, హెడ్డు దించల్సిందే. ఈ పని అయ్యేదాకా మిగతా స్పీడు సామాన్లన్నీ పక్కన పెట్టండి.

కంప్రెషన్ బాగానే ఉంటే కొత్త ప్లగ్గులు, త్రాటిల్ బాడీ (ఇంజనులోకి పోయే గాలిని అదుపు చేసేది) క్లీనింగ్, క్లచ్ జారుతోందా లేదా, బ్రేకులు పట్టేస్తున్నాయా చూడండి. ముందరి చక్రాలు జాకీ మీద లేపి గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది, ఒక చక్రం మాత్రం బరువుగా తిరిగితే ఎక్కువ భాగం క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి ఇరుక్కున్నట్టే, ఆ బండి బ్రేకు తొక్కుకొనే పరిగెత్తుతాంది అన్నమాట.

అపోహ: పెద్ద సైలెన్సర్, 97 ఆక్టేన్ పెట్రోలుతో పికప్ పెరుగుతుంది.

మామూలు ఇంజనుకి మరీ లావు పైపు వేస్తే కింద ఆర్పీఎంలో ఊపు తగ్గుతుంది, ఊర్లో తిరిగేది ఆ ఆర్పీఎంలోనే. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) ఆపే గుణం, అందులో అదనంగా బలమేం లేదు. మీ బండి మామూలు పెట్రోలుకే ట్యూన్ అయ్యుంటే డబ్బు మిగుల్చుకోండి.

అపోహ: 17 ఇంచుల అలాయ్స్ వేస్తే స్పోర్టీ.

చూడ్డానికి, అంతే. చక్రం బరువు పెరిగితే పికప్ తగ్గుతుంది, టైరు చుట్టుకొలత కూడా పెరిగితే గేరింగ్ మారి ఇంకా మొద్దుబారుతుంది, స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది. ఆ డబ్బుతో కంపెనీ సైజులోనే మంచి టైర్లు నాలుగు కొనండి. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది.

అపోహ: బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా, దాని జోలికెందుకు.

ఇది నాకు కోపం తెప్పించేది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అని ఫ్లూయిడ్‌లో రకాలుంటాయి; డాట్ 3 స్టాండర్డ్ ప్రకారం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టినాక ఆ లెక్క 140కి పడిపోతుంది, డాట్ 4కి 230, 155. రాయచోటి నుంచి వస్తా గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు గేరు డౌన్ చేయకుండా బ్రేకు మీదే దిగితే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోయించండి, రబ్బరు బ్రేకు పైపులు పగిలుంటే అవీ మార్చేయండి.

ఇంకోటి, ఇంజను మార్చినా ఆర్సీలో ఉండే వివరాలతో తేడా వచ్చేటట్టు బండిని మార్చినా మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించి ఉండే సెక్షన్ 52 కిందికి వస్తుంది. 15 ఏళ్లు దాటిన బండైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం మళ్లీ ఆర్టీవో ముందు నిలబెట్టల్సిందే కాబట్టి తీసేసిన ఒరిజినల్ పార్టులు స్క్రాప్‌కి ఇచ్చేయొద్దు.